ఔషధక్రియ – వ్యాధికారణం: ఆర్విద్ కార్ల్‌సన్ స్కిజోఫ్రీనియా పరిశోధనపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

స్కిజోఫ్రీనియాకు వాడే మందులు మెదడులో ఏ స్థానంలో పనిచేస్తాయన్న ప్రశ్నకు తొలి నిర్దిష్ట సమాధానాన్ని సూచించినవారు స్వీడన్ ఔషధశాస్త్రాచార్యులు ఆర్విద్ కార్ల్‌సన్ (1923–2018). మార్గిట్ లిండ్‌క్విస్ట్‌తో కలిసి 1963లో ఆయన ప్రచురించిన పరిశోధనపత్రం పేరు మీదుగా ‘మెదడులో డోపమైన్ ఎక్కువ కావడమే స్కిజోఫ్రీనియాకు కారణం’ అనే వాక్యం వ్యాప్తిలోకి వచ్చింది. ఆ వాక్యం ఆ పత్రంలో లేదు. మందు చేసే పనికీ వ్యాధి పుట్టుకకూ నడుమ ఉన్న తార్కికమైన దూరాన్ని కార్ల్‌సన్ ప్రయోగాల ఆధారంగానే నిరూపించడం, ఆ దూరాన్ని విస్మరించడం వల్ల చికిత్సలో కలిగిన ఫలితాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్కిజోఫ్రీనియా, ఆర్విద్ కార్ల్‌సన్, డోపమైన్, సర్పగంధ, క్లోర్‌ప్రోమజీన్, క్లోజపీన్, అనుమానప్రమాణం, ఉపాధి.

1. ఉపోద్ఘాతం

ఒక మందు వాడితే ఒక వ్యాధి లక్షణాలు తగ్గాయి. ఆ మందు శరీరంలో ఫలానా పదార్థం పనిని అడ్డుకుంటుందని తేలింది. అయితే ఆ పదార్థం ఎక్కువ కావడమే వ్యాధికి కారణమని నిర్ణయించవచ్చునా? నొప్పిమాత్ర వేసుకుంటే పంటినొప్పి తగ్గుతుంది. పంటిలో పుచ్చు ఎందుకు పుట్టిందో ఆ మాత్ర చెప్పదు. పంటి విషయంలో ఎవరూ పొరబడని ఈ సంగతి, మనసుకు వచ్చే జబ్బుల విషయంలో దశాబ్దాలపాటు పొరబాటుకు తావిచ్చింది.

స్కిజోఫ్రీనియా సాధారణంగా యౌవనంలో మొదలయ్యే తీవ్రమైన మానసిక వ్యాధి. ఎవరూ లేనిచోట మాటలు వినిపించడం, ఇతరులు తనపై కుట్ర పన్నుతున్నారన్న దృఢమైన భ్రమ, ఆలోచనలో పొందిక చెడడం దీని ఒక పార్శ్వం. మాట తగ్గిపోవడం, చొరవ నశించడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం మరొక పార్శ్వం. మొదటి పార్శ్వాన్ని అదుపు చేయగల మందులు 1950ల నుంచి అందుబాటులోకి వచ్చాయి. అవి ఎలా పనిచేస్తాయో తెలియకముందే వాడుకలో స్థిరపడ్డాయి. ఆ తెలియనితనాన్ని ఛేదించిన పరిశోధన కార్ల్‌సన్‌ది.

2. సర్పగంధ నుంచి డోపమైన్ వరకు

ఈ పరిశోధనకు మూలద్రవ్యం భారతదేశానిది. సర్పగంధ వేరును ఉన్మాదానికీ నిద్రలేమికీ వాడడం ఇక్కడి సంప్రదాయ వైద్యంలో చిరకాలంగా ఉంది. గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో ఆ వేరు ఉన్మాదంలోనూ అధిక రక్తపోటులోనూ గుణమిస్తుందని ఆధునిక వైద్యపత్రికలో ప్రకటించారు. స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ శాస్త్రజ్ఞులు 1952లో ఆ వేరు నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. 1954లో నేథన్ క్లైన్ అమెరికాలో మానసిక రోగులపై దాని ఫలితాలను వెల్లడించారు. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో ఝాఁ దిలే, పియేర్ దెనికేర్ క్లోర్‌ప్రోమజీన్ గుణాన్ని గుర్తించారు. రసాయన నిర్మాణంలో ఏ పోలికా లేని రెండు మందులు ఒకే వ్యాధిలో ఒకే విధమైన ఫలితాన్ని ఇవ్వడం ఔషధశాస్త్రానికి సవాలుగా నిలిచింది.

కార్ల్‌సన్ అప్పటికి లుండ్ విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర అధ్యాపకులు. ఆయన తొలి పరిశోధన కాల్షియం జీవక్రియపై సాగింది. పై పదవికి దరఖాస్తు చేసినప్పుడు, ఆ విషయం ఔషధశాస్త్రంలో ప్రధానమైనది కాదన్న అభిప్రాయంతో నిపుణులు ఆయనను ఎంపిక చేయలేదు. ఆ తిరస్కారమే ఆయనను 1955లో అమెరికాలోని బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలకు నడిపించింది. రెసర్పిన్ ఇస్తే మెదడులోని సెరటోనిన్ నిల్వలు ఖాళీ అవుతాయని బ్రోడీ బృందం అప్పుడే కనుగొంది. స్వీడన్‌కు తిరిగివచ్చిన కార్ల్‌సన్, కాటెకాలమైన్ల నిల్వలు కూడా అదే విధంగా ఖాళీ అవుతాయని సహచరులతో కలిసి చూపారు.

1957 నాటి ప్రయోగం ఈ క్రమంలో కీలకమైనది. రెసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలిక లేక చెవులు వాల్చి పడి ఉన్నాయి. వాటికి డోపా ఎక్కించగా కొద్దిసేపటిలోనే లేచి తిరగసాగాయి. సెరటోనిన్‌కు పూర్వరూపమైన పదార్థం ఇచ్చినప్పుడు ఆ మార్పు రాలేదు. లేచిన జంతువుల మెదడును పరీక్షిస్తే నోరడ్రినలిన్ తిరిగి చేరలేదు, డోపమైన్ చేరింది. అంతవరకు డోపమైన్‌ను నోరడ్రినలిన్ తయారీలో ఒక మధ్యంతర పదార్థంగానే ఎంచేవారు. దానికి మెదడులో స్వతంత్రమైన పని ఉందన్న ప్రతిపాదనకు ఈ ప్రయోగం పునాది వేసింది. 1960లో లండన్‌లో జరిగిన సదస్సులో పేరెన్నికగన్న శాస్త్రజ్ఞులు ఆ ప్రతిపాదనను సందేహంతోనే చూశారు.

3. 1963 పత్రం: చెప్పినది, చెప్పనిది

రెసర్పిన్ పనితీరు కొంత తేలింది. క్లోర్‌ప్రోమజీన్ చిక్కుముడి మిగిలిపోయింది. అది కాటెకాలమైన్ల నిల్వలను తగ్గించడం లేదు. నిల్వలు తగ్గకుండానే రెసర్పిన్ వంటి ఫలితం ఎలా వస్తున్నది? గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన కార్ల్‌సన్, లిండ్‌క్విస్ట్ ఈ ప్రశ్నను 1963లో చుంచులపై పరీక్షించారు.

వారి పద్ధతి సరళమైనది. డోపమైన్ విడుదలై ఖర్చయినప్పుడు మిగిలే ఉత్పన్నం 3-మెథాక్సీటైరమీన్. నోరడ్రినలిన్ ఖర్చయినప్పుడు మిగిలేది నార్మెటానెఫ్రిన్. ఇవి వెంటనే విచ్ఛిన్నం కాకుండా ఎంజైమును అడ్డుకునే మందును ముందుగా ఇచ్చి, ఆపై క్లోర్‌ప్రోమజీన్ లేదా హాలోపెరిడాల్ ఇచ్చారు. డోపమైన్, నోరడ్రినలిన్ నిల్వలు అట్లాగే ఉన్నాయి. వాటి ఉత్పన్నాలు మాత్రం పెరిగాయి. అంటే నాడీకణాలు మునుపటికంటే ఎక్కువగా ఈ పదార్థాలను తయారుచేసి విడుదల చేస్తున్నాయి.

దీనికి రచయితలు సూచించిన వివరణ ఇది: మందు అవతలి కణంపై ఉన్న గ్రాహకాన్ని మూసివేస్తున్నది, కబురు అందకపోవడంతో ఇవతలి కణం మరింత గట్టిగా కబురు పంపుతున్నది. వినబడని వారితో మనిషి గొంతు పెంచి మాట్లాడడం వంటిది ఇది. ప్రోమెథజీన్‌ను కూడా వారు పరీక్షించారు. అది క్లోర్‌ప్రోమజీన్ కుటుంబానికే చెందినది, మత్తునిస్తుంది, కాని ఉన్మాదాన్ని తగ్గించదు. దానితో ఈ ఉత్పన్నాలు పెరగలేదు. ఉన్మాదాన్ని తగ్గించే మందుల్లో మార్పు ఉండడం అన్వయం. తగ్గించని మందులో లేకపోవడం వ్యతిరేకం. రెండింటినీ పాటించడం వల్లనే ఈ చిన్న పత్రం నేటికీ నిలిచి ఉంది.

ఈ పత్రంలో లేనివాటిని కూడా గమనించాలి. మొదటిది, ఇందులో డోపమైన్ ఒక్కటే కథానాయకుడు కాదు. నోరడ్రినలిన్‌కూ సమానస్థానం ఉంది. దృష్టి డోపమైన్‌పై కేంద్రీకృతమైనది తరువాతి పరిశోధనల వల్ల. రెండవది, గ్రాహకాన్ని ఇందులో ఎవరూ నేరుగా కొలవలేదు. ఉత్పన్నాల పెరుగుదల నుంచి గ్రాహకనిరోధాన్ని ఊహించారు. ఆ ఊహ తరువాత నిజమని తేలినా, ఆనాటికి అది అనుమానమే. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది: ప్రయోగించినవి ఆరోగ్యమైన చుంచులు. వ్యాధి ఈ ప్రయోగంలోకి అడుగే పెట్టలేదు. కాబట్టి వ్యాధికారణం గురించి ఈ ప్రయోగం సాక్ష్యం చెప్పజాలదు.

4. అనుమానంలో ఉపాధి

అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారికి ఒక ప్రసిద్ధ దృష్టాంతం గుర్తుండే ఉంటుంది. పొగను చూసి నిప్పును ఊహించవచ్చు. నిప్పును చూసి పొగను ఊహించరాదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు ఉన్నచోట పొగ కూడా ఉండాలంటే పచ్చికట్టె తగలాలి. ఆ పచ్చికట్టెను తార్కికులు ‘ఉపాధి’ అన్నారు. ఉపాధిని గమనించక చేసిన అనుమానం సాధ్యాన్ని నిరూపించలేదు.

‘డోపమైన్ గ్రాహకాన్ని మూస్తే లక్షణాలు తగ్గుతున్నాయి, కనుక డోపమైన్ ఆధిక్యమే వ్యాధి’ అన్న వాదంలోనూ అటువంటి ఉపాధి దాగి ఉంది. మందు తగిలే చోటూ వ్యాధి పుట్టే చోటూ ఒకటే అయి ఉండాలన్నది ఆ ఉపాధి. అది సహజంగా ఉన్నదని భావించడానికి వీలులేదు, విడిగా నిరూపించాలి.

అటువంటి నిరూపణ సాధ్యమేనని కార్ల్‌సన్ పరిశోధన నుంచే ఎదిగిన మరో శాఖ చూపింది. కుందేళ్లలో డోపమైన్ పోతే కదలిక పోయింది. 1960లో వియన్నాలో ఎరింగర్, హోర్నికీవిచ్ పార్కిన్సన్ వ్యాధితో మరణించినవారి మెదడును పరీక్షించి, కదలికను నడిపే భాగంలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని కనుగొన్నారు. 1961లో రోగులకు డోపా ఎక్కిస్తే కదలిక మెరుగుపడింది. జంతువులో లోపం, రోగి మెదడులో అదే లోపం, లోపాన్ని పూరిస్తే ఉపశమనం: మూడు కొలికులూ కలిశాయి. స్కిజోఫ్రీనియా విషయంలో చివరి కొలికి మాత్రమే చాలాకాలం చేతిలో ఉంది. నడిమి కొలికిని, అంటే రోగి మెదడులోని మార్పును, దానితోనే నింపివేశారు. ఒకే ప్రయోగశాలలో పుట్టిన రెండు వాదాలకు ఒకే నిశ్చయత్వాన్ని ఆపాదించడం ఇక్కడ జరిగిన పొరబాటు.

5. గ్రాహకాల లెక్క, మోతాదుల కథ

1970ల మధ్యలో అమెరికాలో సోలమన్ స్నైడర్ బృందం, కెనడాలో ఫిలిప్ సీమన్ బృందం డోపమైన్ గ్రాహకాన్ని నేరుగా కొలిచే పద్ధతులను సాధించాయి. ఏ మందు ఆ గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో, వైద్యులు దాన్ని అంత తక్కువ మోతాదులో వాడుతున్నారని 1976లో వారు చూపారు. 1963 నాటి ఊహకు ఇది గొప్ప సమర్థన.

ఇక్కడ కూడా ఒక జాగ్రత్త అవసరం. ఆనాటి మందుల్లో అనేకం, ఆంఫెటమిన్ లేదా అపోమార్ఫిన్ ఇచ్చిన జంతువుల వింత ప్రవర్తనను ఆపగలవా అన్న పరీక్షలో నెగ్గి ఎంపికైనవి. ఆ ప్రవర్తన డోపమైన్ వల్ల కలిగేదే. ఒకే కొలత కన్నాలున్న జల్లెడలో గింజలను జల్లించి, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయని ఆశ్చర్యపడడం తగదు. ఆ జల్లెడలో నిలవని మందు స్కిజోఫ్రీనియాకు పనికిరాదని ఈ లెక్క చెప్పలేదు. అది వెదకని చోట ఏముందో తేల్చలేదు.

క్లోజపీన్ ఈ సంగతిని బయటపెట్టింది. రక్తకణాలకు హాని చేసి ఫిన్లాండ్‌లో మరణాలకు కారణమైనందున 1975 తరువాత వెనుకబడిన ఈ మందును జాన్ కేన్ బృందం 1988లో తిరిగి పరీక్షించింది. ఇతర మందులతో మెరుగుపడని 268 మంది రోగుల్లో ఆరు వారాలకు క్లోజపీన్ వాడినవారిలో 30 శాతం, క్లోర్‌ప్రోమజీన్ వాడినవారిలో 4 శాతం మెరుగుపడ్డారు. మెదడు చిత్రణ చేసినప్పుడు పాత మందులు డోపమైన్ డి2 గ్రాహకాల్లో 70 నుంచి 89 శాతాన్ని ఆక్రమిస్తుండగా క్లోజపీన్ 38 నుంచి 63 శాతాన్నే ఆక్రమిస్తున్నదని స్వీడన్‌లో లార్స్ ఫార్డే బృందం 1992లో కనుగొంది. గ్రాహకాన్ని తక్కువగా మూసే మందు మొండి జబ్బులో ఎక్కువ గుణమిచ్చింది. హాలోపెరిడాల్‌తో మెరుగుపడనివారి మెదడులోనూ గ్రాహకాలు మెరుగుపడినవారితో సమానంగానే మూసుకున్నాయని 1989లో వోల్కిన్ బృందం చూపింది. తాళం సరిగానే పడింది, కాని తలుపు అది కాదు.

ఈ చర్చ ప్రయోగశాలకే పరిమితమైతే ఇంత పట్టింపు అవసరం లేదు. వ్యాధి అంటే డోపమైన్ ఆధిక్యమే అన్న నమ్మకం బలంగా ఉన్నచోట, గుణం కనిపించనప్పుడు మోతాదు పెంచడం సహజమైన తరువాతి మెట్టు అవుతుంది. ఒక కాలంలో హాలోపెరిడాల్‌ను చాలా పెద్ద మోతాదుల్లో వాడారు. షితిజ్ కపూర్ బృందం 2000లో తొలిసారి జబ్బుపడిన 22 మందికి రోజుకు 1 లేదా 2.5 మిల్లీగ్రాములే ఇచ్చి పరిశీలించింది. గ్రాహకాల ఆక్రమణ 65 శాతం దాటినప్పుడు గుణం కనిపించే అవకాశం పెరిగింది. 78 శాతం దాటినప్పుడు ఒళ్లు బిగుసుకుపోవడం, నిలకడగా కూర్చోలేకపోవడం వంటి బాధలు మొదలయ్యాయి. మేలుకూ కీడుకూ నడుమ దారి అంత ఇరుకైనది. ఆ దారి దాటి ఇచ్చిన ప్రతి మిల్లీగ్రామూ రోగి శరీరంపై సిద్ధాంతం వేసిన భారమే.

6. 1989: పాత ప్రయోగం, కొత్త పాఠం

కార్ల్‌సన్ తన పేరుతో ప్రచారమైన సిద్ధాంతానికి కావలి కాయలేదు. 1957లో ఆయన రెసర్పిన్‌తో జంతువులను స్తంభింపజేసి, డోపమైన్ చేరితేనే అవి లేస్తాయని చూపారు. 1989లో మరియా కార్ల్‌సన్‌తో కలిసి దాదాపు అదే అమరికను మళ్లీ చేపట్టారు. చుంచుల మెదడులో డోపమైన్ సహా మోనోఅమైన్ల నిల్వలను ఖాళీచేసి, గ్లూటమేట్ గ్రాహకాల్లో ఒక రకాన్ని మూసే మందును ఇచ్చారు. డోపమైన్ తిరిగి చేరలేదు. అయినా చుంచులు లేచి చురుకుగా తిరిగాయి.

ముప్పై రెండేళ్ల ఎడంతో జరిగిన ఈ రెండు ప్రయోగాలను పక్కపక్కన ఉంచి చదవడం ఈ పరిశీలనకు ఆయువుపట్టు. మొదటిది డోపమైన్‌కు పట్టం కట్టింది. రెండవది ఆ పట్టానికి పొలిమేర గీసింది. మెదడులో డోపమైన్ ఒక అంగం మాత్రమే. గ్లూటమేట్ వంటి ఇతర ప్రసారకాలతో దానికి తూనిక ఉంది. ఆ తూనిక ఏ వైపునుంచైనా చెడవచ్చు. ఈ అవగాహనతోనే కార్ల్‌సన్ చివరి దశాబ్దాల్లో డోపమైన్‌ను అణచివేయక, ఎక్కువైనచోట తగ్గించి తక్కువైనచోట నిలబెట్టే ‘స్థిరీకారక’ మందుల కోసం శ్రమించారు. గ్రాహకాన్ని పూర్తిగా మూయక పాక్షికంగా ప్రేరేపించే అరిపిప్రజోల్ 2002లో అమెరికాలో ఆమోదం పొందింది. ఇది ఆ ఆలోచనకు దగ్గరి బంధువు.

2000లో పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ కాండెల్‌లతో కలిసి కార్ల్‌సన్‌కు నోబెల్ పురస్కారం లభించింది. అది నాడీవ్యవస్థలో సంకేతప్రసారానికి సంబంధించిన ఆవిష్కరణలకు ఇచ్చినది. స్కిజోఫ్రీనియా కారణాన్ని కనుగొన్నందుకు కాదు. ఈ భేదాన్ని పురస్కార సంఘం పాటించింది, జనసామాన్యంలో ప్రచారం పాటించలేదు.

7. విమర్శకు హద్దు

డోపమైన్ సిద్ధాంతంపై చేసే విమర్శను మందులపై విమర్శగా మార్చడం మరొక తార్కికదోషం. కారణం తెలియకపోయినా ఫలితాన్ని నిరూపించవచ్చు. స్టెఫాన్ లాయ్‌ఖ్ట్ బృందం 2012లో 65 పరీక్షలను కలిపి చూసినప్పుడు, మందు కొనసాగించినవారిలో ఏడాదిలోగా 27 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 64 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. ఈ తేడా ఎన్నో కుటుంబాల జీవితాలను నిలబెట్టే తేడా. సిద్ధాంతం అసంపూర్ణమని తెలిసి మందు మానివేసే రోగి ఆ అసంపూర్ణతకు రెండవసారి బలి అవుతాడు.

డోపమైన్‌కు వ్యాధిలో పాత్రే లేదనడం కూడా సరికాదు. ఆంఫెటమిన్ ఇచ్చినప్పుడు స్కిజోఫ్రీనియా రోగుల మెదడులో డోపమైన్ ఇతరులకంటె ఎక్కువగా విడుదలవుతుందని 1996లో లారుయెల్ బృందం చూపింది. నడిమి కొలికికి సాక్ష్యం ఆ విధంగా కొంత దొరికింది. అయితే మందులకు లొంగని రోగుల్లో డోపమైన్ తయారీ పెరిగి ఉండకపోవచ్చునని 2012 నాటి మరో పరిశోధన సూచించింది. అంటే ఆ సాక్ష్యం రోగులందరికీ వర్తించేది కాదు. చొరవ లేకపోవడం, ఏకాగ్రత చెడడం వంటి లక్షణాలపై ఈ మందుల ప్రభావం నేటికీ స్వల్పమే. అమెరికాలో 1,493 మందిపై జరిగి 2005లో వెలువడిన కేటీ పరీక్షలో 74 శాతం మంది తమకు ఇచ్చిన మందును పద్దెనిమిది నెలలలోగా ఏదో ఒక కారణంతో ఆపివేశారు. మందు గ్రాహకాన్ని పట్టుకోవడం ఒకటి, మనిషి ఆ మందుతో బతకగలగడం మరొకటి. 2024లో అమెరికా ఆమోదించిన జానోమెలీన్–ట్రోస్పియం మందు డోపమైన్ గ్రాహకాన్ని నేరుగా తాకదు. మస్కరినిక్ గ్రాహకాల ద్వారా పనిచేస్తుంది. ఆనాటి జల్లెడ బయట కూడా గింజలు ఉన్నాయనడానికి ఇది తాజా నిదర్శనం.

8. ముగింపు

కార్ల్‌సన్ 1963 పత్రం ఒక మందు ఏమి చేస్తుందో అడిగింది. ఆ ప్రశ్నకు నిజాయితీగా సమాధానం చెప్పింది. వ్యాధి ఏమిటన్నది వేరొక ప్రశ్న. మొదటి సమాధానాన్ని రెండవ ప్రశ్న కింద రాసుకోవడం తరువాతివారు చేసిన పని. ఆ పొరబాటును సవరించే ప్రయోగాన్ని స్వయంగా చేయడంలో కార్ల్‌సన్ శాస్త్రీయత పరిపూర్ణంగా వ్యక్తమవుతుంది.

ఈ భేదం తెలుగులో వైద్యవిషయాలు రాసేవారికీ బోధించేవారికీ అక్కరకు వస్తుంది. ‘మీవాడి మెదడులో డోపమైన్ ఎక్కువైంది, ఈ మాత్ర దాన్ని తగ్గిస్తుంది’ అని విన్న తల్లికి, మాత్రలు క్రమంగా వేస్తున్నా కొడుకు మూలన కూర్చుని మాట్లాడకపోతే మిగిలేవి రెండే ఊహలు: మాత్ర చాలడం లేదు, లేదా వాడు కావాలని చేస్తున్నాడు. ‘ఈ మాత్ర లేని మాటలు వినిపించడాన్ని తగ్గిస్తుంది, జబ్బు మూలం ఇంకా పూర్తిగా తెలియదు, మాట, పని, చొరవ తిరిగి రావడానికి మాత్రతోపాటు మనుషుల తోడూ శిక్షణా కావాలి’ అని చెబితే ఆమెకు మూడవ దారి కనిపిస్తుంది. రెండవ వాక్యం మొదటిదానికంటె పొడవైనది. కార్ల్‌సన్ పరిశోధనను పూర్తిగా చదివినప్పుడు దొరికే వాక్యం అదే.